భోపాల్‌పట్నం కూడలిలో సెర్చ్ ఇంజిన్

హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చే జాతీయ రహదారి ముల్లకట్ట వద్ద గోదావరిని దాటి, వాజేడు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశించి భోపాల్‌పట్నంలో ముగుస్తుంది. నిజామాబాదు నుండి జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు, సిరొంచల మీదుగా వచ్చే మరొక రహదారి తిమేడ్ వద్ద ఇంద్రావతిని దాటి అదే ఊరికి చేరి, అక్కడి నుండి బీజాపూర్, గీదంల మీదుగా జగదల్‌పూర్‌కు సాగిపోతుంది. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ మూడూ ఒకదానినొకటి తాకే మూల అది. ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో ఒక జమీందారీకి కేంద్రం. ఊరిలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. గోండీ, దోర్లీ, హల్బీ మాటలు సంతలో వినబడతాయి. బడిలోనూ, కార్యాలయంలోనూ హిందీ. ఇన్ని భాషలు, రెండు రహదారులు, మూడు రాష్ట్రాలు కలిసే ఊరు పటం మీద సులభంగానే దొరుకుతుంది. చేతిలోని ఫోనులో వెదికితే మాత్రం చాలాకాలం సరిగా దొరికేది కాదు.

మన పత్రిక సంపాదకవర్గం వారు వెబ్‌సైటుల విజిబిలిటీకి, అనగా వెదికిన వారికి కనబడే గుణానికి, సంబంధించిన ప్రాథమిక పదజాలాన్ని ఉద్యోగులకూ వారి కుటుంబ సభ్యులకూ అర్థమయ్యే రీతిలో వ్రాయవలసిందిగా కోరారు. మన సంస్థ వెబ్‌సైటు నవీకరణ సంఘంలో నేనొక సభ్యుడిని కావడమే అందుకు కారణమై ఉంటుంది. పదాలను అకారాది క్రమంలో పేర్చి ప్రతిదానికీ నిర్వచనం వ్రాయవచ్చు గాని, అటువంటి వ్యాసాన్ని నేనే చివరి దాకా చదవను. అందుచేత భోపాల్‌పట్నంలోని ఒక రేకుల షెడ్డును ఆధారం చేసుకొని ఈ మాటలు చెప్పదలచాను.

మా యూనిట్ మెయిన్‌టెనెన్సు వర్క్‌షాపులోని ఫోర్‌మన్ ఒకరిది ఆ ఊరే. ఆయన తమ్ముడు కూడలికి సమీపంలో డీజిల్ మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. పంపు, ఇంజెక్టర్ల పనిలో మంచి చేయి. ఒక మధ్యాహ్నం భోజన విరామంలో ఫోర్‌మన్ గారు నాతో ఇలా అన్నారు: “సార్, మావాడి షెడ్డు రోడ్డు మీద కనబడుతుంది గాని ఫోనులో కనబడటం లేదు. అడవిలో లారీ ఆగిపోతే డ్రైవరు హైదరాబాదులో ఓనరుకు ఫోను చేస్తాడు. ఓనరు గూగుల్‌లో కొడతాడు. వరంగల్లులోనో జగదల్‌పూర్‌లోనో మెకానిక్ తగులుతాడు. వాడు వచ్చేసరికి ఒక రోజు పోతుంది. మావాడు పది కిలోమీటర్ల దూరంలో చేతులు కట్టుకొని కూర్చుంటాడు. ఇక షెడ్డు మూసేసి హైదరాబాదులో ఎవరి దగ్గరైనా పనికి కుదురుతానంటున్నాడు సార్.”

సమస్య ఇంజినీరుకు నచ్చే విధంగా ఉన్నది. సరుకు ఉంది, అవసరం ఉంది, మధ్యలో లంకె లేదు.

ముందుగా సెర్చ్ ఇంజిన్ అంటే ఏమిటో చూద్దాం. మనం గూగుల్‌లో ఒక మాట కొట్టగానే అది ఆ క్షణాన ప్రపంచంలోని వెబ్‌సైటులన్నిటినీ తిరిగి చూసి వస్తుందని చాలామంది అనుకొంటారు. అలా జరగదు. అది చూసేది తాను ముందుగా తయారు చేసుకొని పెట్టుకొన్న జాబితాను మాత్రమే. ఆ జాబితానే ఇండెక్స్ అంటారు. ఇండెక్సు తయారీకి కావలసిన సమాచారాన్ని సేకరించే ప్రోగ్రామును క్రాలర్ అనీ, స్పైడర్ అనీ పిలుస్తారు. సాలీడు గూటిలో ఒక పోగు మీద నుండి మరొక పోగు మీదికి ప్రాకినట్లు, అది ఒక పేజీలోని లింకును పట్టుకొని మరొక పేజీకి, అక్కడి నుండి ఇంకొక పేజీకి పోతుంది. ఈ పనిని క్రాలింగ్ అంటారు. తెచ్చిన దానిని విడదీసి, ఏ మాట ఏ పేజీలో ఉన్నదో నమోదు చేయడం ఇండెక్సింగ్. ఎవరో ఒక మాట అడిగినప్పుడు ఆ మాట ఉన్న వేలాది పేజీలలో ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించడం ర్యాంకింగ్. ఈ మూడు మెట్లలో ఏ మెట్టు దగ్గర పని ఆగిందో తెలియకుండా తరువాతి మెట్టుకు మందు వేయడం వృథా.

మన స్టోర్సులో పనిచేసిన వారికి ఇది కొత్త కాదు. బేరింగు అలమరాలో ఉంటుంది. బిన్ కార్డులో నమోదు కాలేదు. ఇండెంటు పెట్టిన వాడికి “స్టాకు లేదు” అనే జవాబు వస్తుంది. అలమరాలో ఉన్న బేరింగు అబద్ధం కాదు, స్టోర్ కీపరు జవాబూ అబద్ధం కాదు. వెబ్‌లో ఉండడం వేరు, ఇండెక్సులో ఉండడం వేరు.

ఫోర్‌మన్ గారి తమ్ముడికి అంతకుముందే ఎవరో ఒక వెబ్‌సైటు చేసిపెట్టారు. అది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఎక్కడి నుండీ దానికి లింకు లేదు. అదీ గాక రోబోట్స్ ఫైలులో క్రాలర్లు ఎవరూ లోనికి రాకూడదని వ్రాసి ఉంది. ఈ రోబోట్స్ ఫైలు అనేది 1994లో మార్టిన్ కోస్టర్ అనే ఆయన ప్రతిపాదించిన సంప్రదాయం. 2022లో గాని అధికారిక ప్రమాణంగా ప్రచురితం కాలేదు. ఇది గేటు మీద వ్రాసిన “అనుమతి లేనిదే లోనికి రాకూడదు” వంటి బోర్డు. తాళం కాదు. మర్యాద తెలిసిన క్రాలరు చదివి వెనుదిరుగుతుంది, తెలియనిది లోపలికే వస్తుంది. అందుచేత రహస్యంగా ఉంచదలచిన కాగితాలను దాని భరోసాతో వెబ్‌సైటులో పెట్టరాదు. సైటు నిర్మాణంలో ఉన్నంతకాలం ఆ నిషేధం పెట్టి, పని పూర్తయ్యాక తొలగించడం మరచిపోవడం ఈ రంగంలో అతి సాధారణం. మేము ఆ ఒక్క పంక్తి తొలగించి, సైట్‌మ్యాప్ అనే ఫైలును జతపరచాము. సైట్‌మ్యాప్ అంటే మన సైటులో ఏయే పేజీలు ఉన్నాయో క్రాలరుకు మనమే ఇచ్చే పట్టిక. 2005లో గూగుల్ ప్రవేశపెట్టగా, మరుసటి ఏడాది యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అంగీకరించాయి. కొద్దిరోజులకు పేజీ ఇండెక్సులో చేరింది.

చేరినా ఫలితం కనబడలేదు. ఇక్కడ కీవర్డ్ అనే మాట వస్తుంది. వెదికేవాడు కొట్టే మాటే కీవర్డు. పేజీ వ్రాసేవాడికి నచ్చిన మాట కాదు. ఆ సైటులో “సమగ్ర ఆటోమోటివ్ పరిష్కారాలు” అని ఆంగ్లంలో గంభీరంగా వ్రాసి ఉంది. అర్ధరాత్రి అడవిలో లారీ ఆగినవాడు పరిష్కారాలు వెదకడు, “భోపాల్‌పట్నం డీజిల్ మెకానిక్” అని వెదుకుతాడు. “మెకానిక్” అన్న ఒక్క మాటకు దేశమంతా పోటీ. “భోపాల్‌పట్నం దగ్గర రాత్రి లారీ డీజిల్ పంపు రిపేరు” అన్న పొడుగాటి మాటకు పోటీయే లేదు. అడిగేవారు తక్కువే, కాని అడిగిన ప్రతివాడికీ ఆ పనే కావాలి. ఇటువంటి వాటిని లాంగ్ టెయిల్ కీవర్డులు అంటారు, తోక పొడుగాటి మాటలన్నమాట. చిన్న ఊరికీ, చిన్న దుకాణానికీ బ్రతుకుతెరువు ఈ తోకలోనే ఉన్నది. ఆ వెదికేవాడు తెలుసుకోదలచాడా, కొనదలచాడా, దారి అడుగుతున్నాడా అనే దానిని సెర్చ్ ఇంటెంట్ అంటారు. మాట వెనుక ఉన్న అవసరం అని అర్థం చేసుకోవచ్చు.

కీవర్డు దగ్గర భోపాల్‌పట్నానికి ఉన్న చిక్కులు మరే ఊరికైనా ఉన్నాయో లేదో గాని, నాకు మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఆంగ్లంలో ఈ పేరును ఒకరు ఒక పదంగా, ఒకరు రెండు పదాలుగా, ఒకరు నడుమ అదనపు అచ్చుతో, ఒకరు రెండు ‘ట’కారాలతో వ్రాస్తారు. రెండు పదాలుగా విడదీసి కొడితే మధ్యప్రదేశ్ రాజధాని భోపాల్ ముందుకు వస్తుంది. అక్కడి హోటళ్ళు, అక్కడి రైళ్ళు కూడా వస్తాయి. కొందరు తొందరలో భూపాలపల్లిలో దిగుతారు. అది తెలంగాణలోని వేరే ఊరు, 2016 నుండి జిల్లా కేంద్రం కూడా. జిల్లా పేరు చేరిస్తే సరిపోతుంది కదా అంటే, బీజాపూర్ అనగానే గోల్ గుంబజ్ కనబడేది. ఆ బీజాపూర్ కర్ణాటకది. 2014 నవంబరు 1న దానికి విజయపుర అని అధికారికంగా పేరు మారినా, లోకం పాత పేరును విడిచిపెట్టలేదు.

తెలుగులో వ్రాస్తే ఇంకొక సూక్ష్మం ఉన్నది. ‘భోపాల్‌పట్నం’ అని అచ్చులో చూసినప్పుడు పొల్లుతో ఉన్న ‘ల్’ తరువాత ‘ప’ విడిగా నిలబడుతుంది. కంప్యూటరులో ఆ రెండింటినీ విడిగా నిలబెట్టేందుకు మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. యూనికోడ్ లెక్కలో దాని సంఖ్య 8204. అది వేయకపోతే ‘ప’ వత్తుగా మారి ‘భోపాల్పట్నం’ అవుతుంది. పెద్ద సెర్చ్ ఇంజిన్లు సాధారణంగా ఈ తేడాను పట్టించుకోవు. కాని ఒక కార్యాలయపు సైటులోని సొంత వెదుకులాట పెట్టెలో నేను రెండు విధాలా కొట్టి చూశాను. ఒక విధానికి కాగితం దొరికింది, మరొక విధానికి “ఫలితాలు లేవు” అని వచ్చింది. కంటికి కనబడని గుర్తొకటి ఊరినే కనబడకుండా చేయగలదన్నమాట!

సందర్భం వచ్చింది గనుక మన సంగతి కూడా చెప్పుకోవాలి. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఉంటుంది. ‘భ’ సంఖ్య 3117. ఏ యంత్రంలో చూసినా అది ‘భ’యే. యూనికోడ్ తొలి వెర్షను 1991లోనే తెలుగుకు స్థానమిచ్చింది. కాని మన అచ్చు రంగం చాలాకాలం అను ఫాంట్ల వంటి వాటి మీద నడిచింది. వాటిలో ఆంగ్ల అక్షరపు సంఖ్యకే తెలుగు రూపం తొడిగేవారు. చదివేవాడికి తెలుగు కనబడుతుంది, యంత్రానికి అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపు కనబడుతుంది. కొన్ని తెలుగు దినపత్రికల వెబ్‌సైటులు కూడా తొలి రోజులలో సొంత ఫాంట్లతోనే వెలువడ్డాయి. అందుచేత ఆ నాటి వార్తలు తెలుగులో వెదికితే దొరకవు. మన గృహపత్రిక పాత సంచికలను వెబ్‌సైటులో ఉంచాలని సంఘం నిర్ణయించింది. అలాగే పి.డి.ఎఫ్.గా పెట్టేస్తే, ఇరవై ఏళ్ళ క్రితం కథ వ్రాసిన మన ఉద్యోగి మనుమరాలు తాతగారి పేరు తెలుగులో కొట్టినప్పుడు ఏమీ రాదు. స్కాను చేసిన పుటలదీ అదే గతి. అవి అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. బొమ్మ నుండి అక్షరాలను రాబట్టే ఓ.సి.ఆర్. ప్రక్రియ తెలుగుకు ఇప్పుడు బాగానే అందుబాటులో ఉన్నది. ఆ తరువాత ఒక మనిషి కూర్చొని దిద్దవలసి ఉంటుంది. ఈ పనికి విశ్రాంత ఉద్యోగులు ఎవరైనా ముందుకు వస్తే సంఘం తరఫున స్వాగతం.

ఈ బొమ్మల చిక్కు భోపాల్‌పట్నం వరకూ చిన్నది కాదు. ఇంద్రావతి మీద భోపాల్‌పట్నం జలవిద్యుత్ పథకం, గోదావరి మీద ఇచ్చంపల్లి పథకం ఒక కాలంలో దేశమంతా చర్చకు వచ్చాయి. అడవులు, గిరిజన గ్రామాలు మునుగుతాయని 1980లలో పెద్ద ఉద్యమం నడిచింది, బాబా ఆమ్టే అందులో పాల్గొన్నారు. ఆనకట్టలు కట్టలేదు. నాటి నివేదికలలో స్కాను చేసిన బొమ్మలుగా మాత్రమే ఉన్నవి మాటలతో వెదికేవాడికి లేనట్లే లెక్క. మునిగిపోకుండా నిలిచిన ఊరి చరిత్ర ఈ విధంగా మునుగుతోందేమోనని నాకు అనిపిస్తుంటుంది.

మళ్ళీ షెడ్డు దగ్గరకు వద్దాం. పేజీకి టైటిల్ అనేది ఒకటి ఉంటుంది. ఫలితాలలో నీలి అక్షరాలతో కనబడేది సాధారణంగా అదే. పాత సైటులో అది “హోమ్” అని ఉంది. ఆఫీసు ఫైలు మీద విషయం వ్రాయకుండా “ఫైలు” అని వ్రాసినట్లు! దానిని తీసివేసి ఊరి పేరు, పని పేరు, రహదారుల పేర్లు వచ్చేలా వ్రాశాము. టైటిల్ క్రింద కనబడే రెండు పంక్తుల సారాంశానికి ఆధారం మెటా డిస్క్రిప్షన్. దాని వల్ల ర్యాంకు పెరగదు, కాని చదివినవాడు నొక్కాలా వద్దా అని తేల్చుకొనేది అక్కడే. మెటా కీవర్డ్స్ అనే మరొక అర కూడా ఉన్నది. దానిని తాము లెక్కలోనికి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. అయినా దానిని నింపడానికి నేటికీ డబ్బు తీసుకొనేవారున్నారు. ఫొటోకు జతపరచే వివరణను ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అది ముందుగా చూపు లేనివారి కోసం. వారి ఫోను ఆ మాటలను చదివి వినిపిస్తుంది. సెర్చ్ ఇంజిను కూడా బొమ్మను అర్థం చేసుకొనేందుకు ఆ మాటల సాయం తీసుకొంటుంది.

రహదారుల పేర్లు వ్రాసేటప్పుడు ఒక విచిత్రమైన చిక్కు ఎదురైంది. నిజామాబాదు–జగదల్‌పూర్ రహదారిని పాత డ్రైవర్లు నేటికీ ఎన్.హెచ్. 16 అంటారు. 2010లో దేశంలోని జాతీయ రహదారుల సంఖ్యలన్నీ మార్చారు. అది 63 అయింది. హైదరాబాదు నుండి వచ్చే 202 కాస్తా 163 అయింది. ఇక 16 అనే సంఖ్య చెన్నై–కోల్‌కతా రహదారికి పోయింది. విజయవాడ, విశాఖపట్నం వారికి అది ఇంటి ముందరి రోడ్డు. పాత సంఖ్యతో వెదికితే అడవిలోని లారీకి సముద్రతీరపు మెకానిక్ దొరుకుతాడు. చిరునామా సంగతీ అంతే. భోపాల్‌పట్నం 1998 వరకు బస్తర్ జిల్లాలో, ఆపై దంతెవాడలో, 2007 నుండి బీజాపూర్ జిల్లాలో ఉన్నది. 2000 నవంబరు 1కి ముందు మధ్యప్రదేశ్, తరువాత ఛత్తీస్‌గఢ్. ఊరు కదలలేదు, చిరునామా నాలుగు విధాలైంది.

వెబ్‌సైటులో చిరునామా మారినప్పుడు చేయవలసిన పనికి రీడైరెక్ట్ అని పేరు. 301 అనే సంఖ్య “శాశ్వతంగా ఫలానా చోటికి మారింది” అని చెబుతుంది. బదిలీ అయిన ఉద్యోగి పాత తపాలా కార్యాలయంలో కొత్త చిరునామా ఇచ్చి వెళ్ళినట్లు. ఆ ఏర్పాటు చేయకుండా పేజీని మార్చేస్తే వచ్చినవాడికి 404, అనగా “అటువంటి పేజీ లేదు” అన్న జవాబు దొరుకుతుంది. ఏళ్ళ తరబడి ఆ పేజీ సంపాదించుకొన్న పరపతి కూడా పోతుంది. సంస్థలు వెబ్‌సైటును కొత్తగా తీర్చిదిద్దినప్పుడల్లా జరిగే నష్టాలలో పెద్దది ఇదేనని నా అభిప్రాయం. రంగుల గురించి మూడు సమావేశాలు జరుగుతాయి, పాత చిరునామాల పట్టిక గురించి ఒక్కటీ జరగదు. ఒకే విషయం రెండు మూడు చిరునామాలలో ఉన్నప్పుడు “అసలు ప్రతి ఇది” అని గుర్తు పెట్టడాన్ని కానానికల్ అంటారు. ఆఫీసు ఉత్తర్వులో అసలు, నకలు వంటిదే. ఇది 2009లో వచ్చింది. రహదారులకు గాని, ఊళ్ళకు గాని ఇటువంటి సదుపాయం లేదు గనుక షెడ్డు పేజీలో “పాత ఎన్.హెచ్. 16, ప్రస్తుతం 63” అని మాటలలోనే వ్రాయవలసి వచ్చింది. ఆ వాక్యం ఫోర్‌మన్ గారిదే. నేను వ్రాసి ఉంటే ప్రస్తుత సంఖ్యతో సరిపెట్టేవాడిని.

ఇక ర్యాంకింగ్ సంగతి. ఒకే మాట వేయి పేజీలలో ఉన్నప్పుడు ఏది ముందు రావాలి? తొలి రోజుల యంత్రాలు ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడం మీదనే ఎక్కువగా ఆధారపడేవి. దానితో జనం ఒకే మాటను వందసార్లు వ్రాయసాగారు. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు మరొక కొలమానాన్ని ముందుకు తెచ్చారు. శాస్త్ర పత్రాలలో ఒక పత్రాన్ని ఎందరు ఉదాహరించారన్నది దాని విలువను తెలిపినట్లే, ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇచ్చాయి, ఆ ఇచ్చినవాటి విలువ ఎంత అన్న దానిని బట్టి విలువ కట్టాలన్నారు. అదే పేజ్‌ర్యాంక్. మనకు బయటి నుండి వచ్చే లింకును బ్యాక్‌లింక్ అనీ, ఆ లింకు మీద కనబడే మాటలను యాంకర్ టెక్స్ట్ అనీ అంటారు. నేడు ర్యాంకింగులో ఇంకా ఎన్నో అంశాలు చేరాయి. అయినా ఒకరు మనలను పేర్కొనడం అన్నది విలువ కోల్పోలేదు. మన పల్లెలలో అల్లుడిని వెదికేటప్పుడు అబ్బాయి చెప్పుకొన్నది కాక నలుగురు చెప్పింది వింటారు కదా. ఆ నలుగురిలోనూ ఎవరి మాట బరువు వారిది.

భోపాల్‌పట్నం షెడ్డుకు లింకు ఎవరిస్తారు? ఈ ప్రశ్న దగ్గర చాలా రోజులు ఆగాము. ఇంతలో ఒక ఫోను వచ్చింది. నెల రోజులలో గూగుల్‌లో మొదటి స్థానం, హామీతో సహా, ఇన్ని వేల రూపాయలు అని. తమ్ముడు ఆశపడ్డాడు. హామీతో మొదటి స్థానం ఎవరూ ఇవ్వలేరని గూగుల్ వారే చెబుతారు. ఇటువంటివారు చేసేది చాలావరకు వేలాది పనికిరాని సైటుల నుండి లింకులు కొనడం, లేదా తెల్లని కాగితం మీద తెల్లని అక్షరాలతో కీవర్డులు నింపడం. మనిషికి ఒకటి, క్రాలరుకు మరొకటి చూపడాన్ని క్లోకింగ్ అంటారు. ఈ అక్రమ పద్ధతులన్నిటికీ కలిపి బ్లాక్ హ్యాట్ అని పేరు. 2006లో జర్మనీలోని బి.ఎమ్.డబ్ల్యు. వారి సైటునే ఇటువంటి కారణంతో గూగుల్ తన ఇండెక్సు నుండి తొలగించింది. అంత పెద్ద కార్ల సంస్థ తప్పు సరిదిద్దుకొని త్వరలోనే తిరిగి రాగలిగింది. రేకుల షెడ్డు అలా తొలగిపోతే తిరిగి రావడానికి ఎవరున్నారు? అందుకే వద్దన్నాను. తమ్ముడికి కొంత కోపం కూడా వచ్చింది, “సార్‌కేం, నెల తిరిగితే జీతం వస్తుంది” అన్నాడట. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

చివరకు వరంగల్లులోని ఒక లారీ యజమానుల సంఘం వారు తమ సైటులో దారి పొడవునా ఉన్న మెకానిక్‌ల పట్టిక ఒకటి ప్రచురించారు. అందులో ఈ షెడ్డు పేరు లింకుతో సహా చేరింది. డబ్బు అడగలేదు. తమ సభ్యుల లారీలు ఆ అడవిలో ఆగుతాయి గనుక వారికి అది అవసరం. నాకు తెలిసినంతలో మంచి బ్యాక్‌లింకుకు ఇంతకంటే చక్కని ఉదాహరణ లేదు.

దుకాణాలకు వెబ్‌సైటు కంటే ముందు చేయవలసినది ఇంకొకటి ఉన్నది. పటం మీద తమ చోటు నమోదు చేసుకోవడం. గూగుల్‌లో దీనికి బిజినెస్ ప్రొఫైల్ అని పేరు, రుసుము లేదు. “దగ్గరలోని మెకానిక్” అని కొట్టేవారికి చూపే ఫలితాలను లోకల్ సెర్చ్ అంటారు. అక్కడ ప్రధానంగా మూడు విషయాలు చూస్తారు: అడిగిన పనితో సంబంధం, దూరం, పేరు ప్రతిష్ఠ. దూరంలో వరంగల్లు వాడు మనవాడితో పోటీ పడలేడు. కావలసినదల్లా పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నిచోట్లా ఒకే విధంగా ఉండడం. షెడ్డు బోర్డు మీద ఒక నంబరు, పాత సైటులో మరొకటి ఉంది. రెండవది తమ్ముడు ఎప్పుడో వదిలేసిన సిమ్ము. సరిచేయించాము.

పేజీ బరువు గురించి ఒక్క మాట. పాత సైటులో తెర నిండా కదిలే బొమ్మలు ఉండేవి. అడవిలో సిగ్నల్ ఎంతో ఆ దారిన పోయినవారికి తెలుసు. గూగుల్ నేడు పేజీలను ఫోనులో కనబడే రూపాన్ని బట్టే ఇండెక్సు చేస్తున్నది. మేము ఒక్క ఫొటో ఉంచి మిగిలినవన్నీ తీసివేశాము. ఫోను నంబరు అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలలో, నొక్కగానే మోగేటట్లు పెట్టాము.

ఇవన్నీ డబ్బు చెల్లించని ఫలితాలు. వీటిని ఆర్గానిక్ ఫలితాలు అంటారు. పైన “స్పాన్సర్డ్” అని గుర్తుతో కనబడేవి ప్రకటనలు, డబ్బు ఆపగానే అవీ ఆగిపోతాయి. పని జరుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనం ఉన్నది. మన పేజీ ఫలితాలలో ఎన్నిసార్లు కనబడిందో అది ఇంప్రెషన్లు, ఎన్నిసార్లు నొక్కారో అది క్లిక్కులు. వందసార్లు కనబడి ఐదుసార్లు నొక్కితే క్లిక్ త్రూ రేటు ఐదు శాతం. 2024 నుండి మన దేశంలో కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధ తయారు చేసిన జవాబు ఫలితాలకు పైననే కనబడుతున్నది. కనబడి కూడా నొక్కకపోవడం దీనితో పెరుగుతుందని వార్తాసంస్థలు ఆందోళన చెందుతున్నాయి. మెకానిక్‌కు ఆ బాధ లేదు. యంత్రం జవాబు చెప్పగలదు గాని, ఇంజెక్టరు విప్పలేదు.

కన్సోల్‌లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది జనం కొట్టిన మాటల జాబితా. ఫోర్‌మన్ గారూ నేనూ నెలకొకసారి టీ వేళలో దానిని చూస్తాము. తెలుగు మాటలు, హిందీ మాటలు, ఆంగ్లాక్షరాలలో తెలుగు, ఊరి పేరుకు ఎనిమిది తొమ్మిది స్పెల్లింగులు ఉంటాయి. షెడ్డు మూయాలనే మాట తమ్ముడు ఈ మధ్య ఎత్తడం లేదట. ఒక కుర్రవాడిని పనిలో పెట్టుకొన్నాడు. క్రిందటి జాబితాలో మాత్రం మెకానిక్‌తో సంబంధం లేని ప్రశ్న ఒకటి కనబడింది. “భోపాల్‌పట్నంలో రాత్రి భోజనం” అని ఎవరో తెలుగులో కొట్టారు. మా పేజీ ఏడవ ఫలితంగా వచ్చింది. షెడ్డు ప్రక్కన హోటలు నడిపే ఆవిడ రాత్రి ఎన్ని గంటల దాకా అన్నం పెడుతుందో కనుక్కొని చెప్పమని ఫోర్‌మన్ గారు తమ్ముడికి ఫోను చేశారు.